పొగచాటు ఎండకు లెక్క



చంద్రపూర్‌లో ఎండకు కొదువ లేదన్నది మనందరి అనుభవం. అయితే చెమట పట్టించే వేడి వేరు, సౌరఫలకానికి విద్యుత్తునిచ్చే వెలుగు వేరు. బొగ్గు గనులు, థర్మల్ కేంద్రం ఉన్న ఈ ఊరి గాలిలోని సన్నని ధూళి కిరణాలను చెదరగొడుతుంది. చెదరిన వెలుగు కొంతైనా ఫలకాన్ని చేరుతుంది. మసి పీల్చుకొన్నది మాత్రం తిరిగి రాదు.

ఉపగ్రహాల ఆధారంగా వేసే అంచనాలు తరచుగా ధూళికి నెలసరి సగటునే తీసుకొంటాయి. దట్టమైన పొగ కమ్మిన రోజులు ఆ సగటులో మరుగునపడతాయి.

సౌరవిద్యుత్తు పత్రాలను తెనిగించేటప్పుడు నేను మరువని మాట ‘సుమారు’. కిలోవాటుకు రోజుకు సుమారు 4 యూనిట్లంటారు. ఆ లెక్కన 3 కిలోవాట్లకు నెలకు 360. పొగ, ఫలకంపై పేరుకొన్న దుమ్ము కలిసి 15 శాతం హరించాయనుకొందాం, మిగిలేది 306. ప్రభుత్వ రాయితీ పోను తక్కిన ఖర్చు మన కష్టార్జితమే. అప్పు వాయిదాను 360 చూసి ఒప్పుకొంటే, లోటును ప్రతి నెలా ఇల్లే భరించాలి.

కనుక సంతకానికి ముందు, మీ వీథిలో ఇప్పటికే ఫలకాలు అమర్చుకొన్నవారి మీటరు అంకెలను ఏడాది పొడవునా, నెలవారీగా చూడండి. మన మీది ఆకాశాన్ని చదివిన లెక్క అదే.