బి.పి. బిళ్ళ - చాటు తాగుడు



మద్యం మనకు హరామ్. ఇది అందరికీ తెలిసిందే. అయినా బందరులో, గుడివాడలో, దివిసీమ పల్లెల్లో మనవాళ్ళు కొందరు చాటుగా తాగుతున్నారు. చాటు వ్యవహారం గనుక డాక్టరు గారికీ చెప్పరు. ప్రాణం మీదికి తెచ్చేది ఈ దాపరికమే.

బి.పి. బిళ్ళ రక్తపోటును తగ్గిస్తుంది. కల్లయినా, బ్రాందీ అయినా కడుపులో పడ్డాక కొన్ని గంటలు పోటును మరింత దించవచ్చు. రెండూ కలిస్తే మనిషి లేచి నిలబడగానే కళ్ళు తిరిగి పడిపోతాడు. మూత్రం ఎక్కువ పోయించే బిళ్ళ వాడేవారికి మన ఎండల్లో ముప్పు మరీ ఎక్కువ. పోనీ రోజూ తాగితే పోటు పెరిగి, మందు లొంగదీయలేదు.

"ఈ పూట పుచ్చుకున్నాం గదా, బిళ్ళ మానేద్దాం" అనుకోవడమూ ప్రమాదమే. కొన్ని మందులు హఠాత్తుగా ఆపితే పోటు ఎగబాకి పక్షవాతం రావచ్చు.

ఎంతవరకైతే ఫరవాలేదని అడుగుతారు. ఏ కొంచెమూ క్షేమం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. అయితే ఏళ్ళ తరబడి బాగా తాగినవారు ఒక్కసారిగా మానితే వణుకు, ఫిట్సు రావచ్చు. డాక్టరు సలహాతోనే మానాలి.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారాపై తిరగబడ్డారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. అమ్మలూ, ఆపాలూ! మేము మిమ్మల్ని అంత కోరడం లేదు. ఆసుపత్రికి తోడు వెళ్ళి, మీవాళ్ళ చేత నిజం చెప్పించండి, చాలు.

అల్లాహ్ ఎదుట తౌబా, డాక్టరు ఎదుట నిజం. రెండూ కావాలి.