మా వీధి పిల్లల సినిమాలు



నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ని. సినిమా గురించి మాట్లాడడానికి నాకున్న అర్హతల్లా టిక్కెట్టు కొనుక్కుని చూడడమే. అయినా ప్లేనోలో మా వీధి పిల్లలు తీసే బుల్లి సినిమాల గురించి చెప్పమన్నారు కాబట్టి నిలబడ్డాను.

పిల్లలతో సినిమా మనకి కొత్త కాదు. 1936లోనే సి. పుల్లయ్య గారు నటులందరూ పిల్లలే అయిన 'సతీ అనసూయ' తీశారు. తర్వాత గుణశేఖర్ గారి 'రామాయణం' బాలనటులతోనే జాతీయ పురస్కారం తెచ్చుకుంది. కానీ కెమెరా వెనక ఉన్నది పెద్దవాళ్ళే. హైదరాబాదులో జరిగిన అంతర్జాతీయ బాలల చిత్రోత్సవంలో పిల్లలు తీసిన చిత్రాలకి విడిగా పోటీ పెట్టింది 2013లో. మధ్యలో 77 ఏళ్ళు!

మా వీధిలో నియమాలు తక్కువే. ఐదు నిమిషాలు దాటకూడదు, ఫోనుతోనే తీయాలి, సినిమా పాటలు వాడకూడదు. హక్కుల గొడవ అటుంచి, పాట పెడితే పిల్లలు కథ మానేసి డాన్సు మొదలెడతారు. బొమ్మ కంటే శబ్దమే కష్టం. టెక్సాస్ వేసవిలో ఇంటి బయట ఏసీ యంత్రం హోరు, అది ఆగితే పక్కింటి గడ్డి కోసే మిషను. జూన్‌లో ఎనిమిదిన్నర దాటితేగానీ పొద్దు గుంకదు. తొమ్మిది దాటాక గరాజు తలుపు మీద దుప్పటి కట్టి, డ్రైవ్‌వేలో మడత కుర్చీలు వేస్తాం. పిల్లలది నేల టిక్కెట్టు. మెక్సికో వాళ్ళు, చైనా వాళ్ళు, ఎదురింటి అమెరికన్ పెద్దాయన, అందరూ వస్తారు.

ఒక్క సినిమా గురించి చెప్పాలి. విజిటర్ వీసా మీద ఆరు నెలలకని వచ్చిన మామ్మగారు ఒకరు పగలంతా ఇంట్లో ఒక్కరే. రోజూ సాయంత్రం ఆరింటికి వీధి చివర పోస్టు డబ్బాల దాకా నడిచి వెనక్కి వస్తారు. తాళంచెవి కూడా తీసుకెళ్ళరు. పన్నెండేళ్ళ మనవరాలు తన వచ్చీరాని తెలుగులో అడిగింది, ఎందుకు మామ్మా అని. "ఎవరన్నా కనబడతారేమోనని" అన్నారావిడ. సినిమా అంతే. ఆ నడక, ఆ ఒక్క మాట, కింద ఇంగ్లీషు అక్షరాలు.

అయిపోయాక ఎవరూ చప్పట్లు కొట్టలేదు. వాళ్ళ నాన్న లేచి దుప్పటి విప్పడం మొదలెట్టాడు, ఇంకా రెండు సినిమాలున్నా.

మర్నాడు ఆరింటికి ఎదురింటి పెద్దాయన ఆ డబ్బాల దగ్గర నిలబడి ఉన్నాడు. ఆయనకి తెలుగు రాదు, ఆవిడకి ఇంగ్లీషు రాదు. పావుగంట మాట్లాడుకున్నారు.

దాన్ని పోటీలకి పంపుదాం, కాలేజీ అప్లికేషన్‌కి పనికొస్తుందన్నారు కొందరు. మన ఇంజనీర్ల బుర్ర కదా! నేను వద్దన్నాను. పిల్ల కూడా వద్దంది.

మామ్మగారు అక్టోబరులో కాకినాడ వెళ్ళిపోయారు. పిల్ల రెండో భాగం రాస్తోంది. ఈసారి మాటలన్నీ తెలుగులోనే ఉండాలట, రాత్రిళ్ళు మామ్మకి ఫోన్ చేసి దిద్దించుకుంటోంది. మా ప్రొజెక్టరు బల్బు పోయింది. ఎవరి గరాజులోనైనా పాతది పడి ఉంటే భోజనాల దగ్గర నాకు చెప్పండి.