దిగితే డబ్బంట, డబ్బుంటేనే దిగాలంట!



మన పిల్లలు పై దేశాలు పోయి చదవడం గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం. కూలి దొరకని రోజుల్లో అమెరికా ముచ్చటేందని పెద్దోళ్లు నవ్వుకోవచ్చు. నవ్వకండి. 1913లో బాబాసాహెబ్ న్యూయార్కులోని కొలంబియా యూనివర్సిటీకి పోయిన నాడు ఆయన ఇంట్లో మాత్రం ఏం మూటలున్నాయి? బరోడా మహారాజు మూడేళ్లపాటు నెలకు పదకొండున్నర పౌండ్లు ఇచ్చాడు. తిరిగొచ్చి పదేళ్లు మా సంస్థానంలో కొలువు చెయ్యాలని రాయించుకున్నాడు. 1917లో ఆ సాయం గడువు తీరింది, లండన్ చదువు నడుమనే ఆగింది. కొలువు కోసం బరోడా వస్తే అంత చదివినాయనకు ఉండటానికి గది ఇచ్చినోడు లేడు. దాచుకున్న జీతం, కొల్హాపూర్ సాహూ మహారాజు సాయం, ఒక పారసీ స్నేహితుని అప్పు కలిపితేగాని 1920లో మళ్లీ లండన్ పోలేకపోయారు. చదువు ఆగింది తెలివి చాలక కాదు, డబ్బు చాలక.

ఇప్పుడు మన సంగతి. తెలంగాణలో అంబేద్కర్ విదేశీ విద్యానిధి కింద ఎస్సీ విద్యార్థికి 20 లక్షల వరకు ఇస్తారు. పథకం మంచిదే, మేము కాదనం. కానీ ఎట్ల ఇస్తారో చూడండి. సగం, విమానం దిగి ఆ దేశంలో అడుగుపెట్టినట్టు కాగితం చూపిస్తే. మిగతా సగం, మొదటి సెమిస్టర్ మార్కులు చూపిస్తే. మరి అమెరికా యూనివర్సిటీ ఏమంటది? మొదటి ఏడాది ఫీజుకు, తిండికి, గదికి సరిపోను డబ్బు ముందు చూపించు, అప్పుడే ఐ-20 కాగితం ఇస్తానంటది. ఆ కాగితం లేనిది వీసా లేదు. దిగితే డబ్బని ఇక్కడ, డబ్బుంటే దిగమని అక్కడ. నడుమ మన పిల్ల ఏం చెయ్యాలి?

పదెకరాల ఆసామి పాసుబుక్కు బ్యాంకులో పెట్టి లోను తెస్తాడు. డల్లాస్‌లో మేనమామ ఉన్నోడు ఒక ఫోను కొడతాడు. మనకున్న ఎకరం అసైన్డు భూమి, దాన్ని అమ్మరాదు. ఏడున్నర లక్షలు దాటితే బ్యాంకోళ్లు తాకట్టు ఏదంటారు. అప్పుడు వస్తాడు కన్సల్టెన్సీవాడు. నీ ఖాతాలో నెలరోజులు బ్యాలెన్స్ చూపిస్తా, నాకింత కమీషన్ ఇవ్వమంటాడు. డబ్బు వాడిది, ఖాతా మనది, వడ్డీ మన నెత్తిన. దొరికితే వీసా పోయేది మన పిల్లకే, వాడికేం పోతది?

అందుకే మేము అడిగేది ఒక్కటే. ఎంపికైన పిల్లకు మంజూరు పత్రం ముందే ఇవ్వాలి, యూనివర్సిటీకి చూపించుకునేటట్టు. మొదటి ఫీజు సర్కారే నేరుగా యూనివర్సిటీకి కట్టాలి.

కేంద్రం నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ 1954-55 నుంచీ ఉంది. ఫీజు, బతుకు ఖర్చు, విమాన టికెట్టు అన్నీ అందులోనే. కానీ దేశం మొత్తానికి ఏడాదికి 125 మందికే, అందులో ఎస్సీలకు 115. 2025లో 106 మందిని ఎంపిక చేసి, మొదట 40 మందికే పత్రాలిచ్చి, మిగతా 66 మందికి నిధులుంటే ఇస్తామన్నారు. ఇంకో ముచ్చట వినండి. భారత సంస్కృతి, వారసత్వం, చరిత్ర, ఇక్కడి సమాజం గురించి చదివేవాళ్లకు ఇది వర్తించదని 2022లో నిబంధన పెట్టారు. బాబాసాహెబ్ 1916లో కొలంబియాలో చదివిన పత్రం దేని మీద? భారతదేశంలో కులాలు ఎట్ల పుట్టాయన్న దాని మీదనే! ఆ నిబంధన లెక్కన ఆయనకే పైసా రాకపోను.

పోయినంక కులం పోతదని కూడా అనుకోవద్దు. సముద్రం దాటినా మనోళ్లు ఇంటిపేరు అడుగుతారు, ఊళ్లో ఇల్లు ఏ దిక్కున అని అడుగుతారు. కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ 2022లో తన వివక్ష నిరోధక నిబంధనల్లో కులాన్ని చేర్చింది. సియాటిల్ నగరం 2023లో కుల వివక్షను నిషేధించింది. లేనిదానికి నిషేధం పెడతారా? అక్కడ మన పిల్లలు నోరు విప్పి కొట్లాడితేనే అవి వచ్చాయి.

ఇగ పని మాట. డిగ్రీలో 60 శాతం దాటిన మన పిల్లలు ఈ ఊళ్లో ఎందరున్నారో ఈ రాత్రికే పేర్లు రాయండి. కులం, ఆదాయం పత్రాలు, పాస్‌పోర్టు ఇప్పుడే పెట్టుకోవాలి, సీటు వచ్చినంక పరుగెత్తడం కాదు. కన్సల్టెన్సీ కాగితం ఏదైనా సరే, సంతకం పెట్టకముందే సంఘం దగ్గరికి తీసుకురండి. కూర్చుని ప్రతి అక్షరం చదివి చెబుతాం.