పొడుపు, విడుపు: ప్రహేళికను తెలిపే మాటల చరిత్ర

చిక్కుముడి వంటి ప్రశ్నను తెలిపేందుకు తెలుగులో ప్రహేళిక, పొడుపు కథ అనే రెండు మాటలు ప్రధానంగా వాడుకలో ఉన్నాయి. నిఘంటువులు ఒకదానికి మరొకదాన్ని అర్థంగా చూపుతున్నా, అవి పుట్టిన చోటూ తిరిగిన సభలూ వేరు. ప్రహేళిక అర్థాన్ని దాచిన రచనకు పేరు కాగా, పొడుపు కథ ఇద్దరు మనుషుల మధ్య జరిగే పనికి పేరు. ఇక్కడ ముందుంచుతున్న ప్రతిపాదన ఇదే.

ఈ ప్రక్రియకు తొలి రంగస్థలం యజ్ఞశాల. అశ్వమేధంలో ఋత్విజులు ఒకరినొకరు గూఢంగా ప్రశ్నించుకొని బదులు చెప్పుకొనే భాగాన్ని బ్రహ్మోద్యమని అన్నారు. ఋగ్వేదం మొదటి మండలంలో దీర్ఘతముడు దర్శించిన 164వ సూక్తం సంవత్సరాన్ని పన్నెండు ఆకుల చక్రంగానూ, రాత్రింబగళ్ళను జంటలుగా ఉన్న 720 మంది కొడుకులుగానూ చెబుతుంది. అథర్వవేదపు కుంతాప సూక్తాలలోని ఇటువంటి మంత్రాలకు ప్రవల్హికలనే పేరుంది. ప్రహేళిక శబ్దాన్ని దీనితో ముడిపెట్టినవారూ ఉన్నారు, ఆట, విలాసం అనే అర్థాలున్న హేలతో ముడిపెట్టినవారూ ఉన్నారు. యజ్ఞం నుంచి వినోదం వైపు ఈ మాట నడిచిన దారిని చూస్తే రెండో ఊహ అసహజంగా తోచదు.

వాత్స్యాయనుని కామసూత్రం నాటికి ప్రహేళిక 64 కళలలో ఒకటిగా నాగరికుల గోష్ఠిలో చేరిపోయింది. దానికి శాస్త్రం కట్టినవాడు కాంచీపురానికి చెందిన దండి. ఆయన కావ్యాదర్శం మూడో పరిచ్ఛేదంలో ప్రహేళికలను 16 విధాలుగా లక్షణ సహితంగా వివరించి, పూర్వులు చెప్పిన దోషయుక్తమైనవి మరి 14 ఉన్నాయని పేర్కొని వాటిని వదిలేశాడు. పదాలు సంధిలో కలిసిపోయి అసలు మాట కనబడకుండా పోతే అది సమాగత. అక్షరాల లెక్కే అర్థాన్ని కప్పితే సంఖ్యాత. ఆశ్రయించిన వస్తువూ దానికి ఆశ్రయమైన వస్తువూ రెండూ మరుగుపడితే ఉభయచ్ఛన్న. వినోద గోష్ఠులలోనూ, నలుగురి మధ్య రహస్యంగా మాట్లాడుకోవడానికీ, ఎదుటివారిని తికమకపెట్టడానికీ ఇవి పనికివస్తాయని కూడా దండి చెప్పాడు. ఈ మూడు ప్రయోజనాలలో రెండోది గమనించదగ్గది, ఎందుకంటే అక్కడ ప్రహేళిక ఆట కాక, తెలిసినవారికి మాత్రమే తెరుచుకొనే భాష అవుతున్నది. 14వ శతాబ్దపు విశ్వనాథుడు మాత్రం రసానికి అడ్డుపడుతుందంటూ దీన్ని అలంకారంగా ఒప్పుకోక, ఉక్తి వైచిత్ర్యం, అంటే మాటల చమత్కారం, అని పక్కన పెట్టాడు. కావ్యం దృష్టితో ఆ తీర్పు సబబే అయినా, ప్రహేళిక ఆశించేది రసం కాదు, ఎదుటివారి బదులు.

ఆ బదులును పేరులోనే నిలుపుకొన్న మాట పొడుపు కథ. పొడుచు అనే క్రియకు గుచ్చడమనే అర్థంతో పాటు ఉదయించడమనే అర్థమూ ఉంది, పొద్దుపొడుపు అనే మాటలో కనిపించేది ఆ రెండోదే. అయితే పొడుపుకు జోడుగా విడుపు ఉండడం వల్లనూ, కథను విప్పమని అడగడం వల్లనూ ఇక్కడ గుచ్చడమనే అర్థమే పొసగుతుంది: ఒకరు ప్రశ్నతో పొడిస్తే మరొకరు దాన్ని విడిపించాలి. ఇందులో కథ ఏదనే సందేహానికి సమాధానం ధాతువులోనే ఉంది, కథ్ అంటే చెప్పడం కనుక కథ అంటే చెప్పిన సంగతి. కొబ్బరికాయనూ తిరగలినీ దీపపు వత్తినీ పోల్చుకోలేని వేషంలో ముందుకు తెచ్చే ఈ ప్రశ్నలకు చమత్కారపు సామగ్రి ఇంట్లోనూ పొలంలోనూ దొరుకుతుంది, శ్లేషను విడదీయగల పాండిత్యం అక్కర లేదు.

ఇరుగుపొరుగు భాషలు ఈ ఊహను బలపరుస్తాయి. తమిళం విడుకథై అంటూ విడుపునే పేరుగా పెట్టుకొంది. మలయాళంలో ఇది కడంకథ. కడం అంటే అప్పు, బదులు చెప్పలేనివారు అప్పుపడినట్లు ఒప్పుకోవాలి. హిందీలోని పహేలీ మాత్రం ప్రహేళిక నుంచి వచ్చిన తద్భవం.

ఎఱ్ఱన అరణ్యపర్వ శేషంలో తెలుగు చేసిన యక్షప్రశ్నలు మరో నానుడినిచ్చాయి. ధర్మరాజు అన్నింటికీ బదులిచ్చినా, జవాబు దొరకని ప్రశ్ననే జనం యక్షప్రశ్న అంటారు.

1913 డిసెంబర్ 21న న్యూయార్క్ వరల్డ్ పత్రికలో ఆర్థర్ విన్ మొదలుపెట్టిన గళ్ళ ఆట తెలుగు పత్రికలకు చేరినప్పుడు పదబంధ ప్రహేళిక, గళ్ళ నుడికట్టు అనే రెండు పేర్లు స్థిరపడ్డాయి. శ్రీశ్రీ, ఆరుద్ర వంటి కవులు స్వయంగా గళ్ళు కట్టారు. అచ్చులోని ఆటకు ప్రహేళిక అనే పేరు అతికినట్లు సరిపోయింది, అడిగినవారు ఎదుట ఉండరు కనుక. పొడుపు కథల సంకలనాలకు కూడా అదే గతి పట్టింది. ప్రశ్న ఒక పేజీలోనూ విడుపు చివరి పేజీలోనూ అచ్చవుతున్నాయి తప్ప, ఎవరు ఎవరిని ఏ పని మధ్య అడిగారో, సరైన విడుపుకు ముందు ఎన్ని తప్పు విడుపులు వచ్చాయో వాటిలో చాలా అరుదుగా కనిపిస్తుంది. ఆ తప్పు విడుపులను కూడా రాసిపెట్టే సేకరణ ఇకనైనా జరగాలి.