బిడ్డ మాటకు పెద్దల అండ



హోసూరు, కృష్ణగిరి ప్రాంతముల తెలుగు కుటుంబములు తరతరములుగ పరువును ప్రాణముగ నెంచినవి. ఆ పరువు పేరిట బిడ్డ నోరు మూయుట ధర్మము కాదని మనవి చేయుచున్నాము.

2024 ఆగస్టులో మన జిల్లాలోని ఒక ప్రైవేటు పాఠశాలలో బూటకపు ఎన్.సి.సి. శిబిరము నడిపి బాలికలపై లైంగిక దౌర్జన్యము జరిపిరన్న కేసు బయటపడినది. తెలిసియు పోలీసులకు తెలుపలేదన్న అభియోగముపై పాఠశాల పెద్దలును అరెస్టయిరి.

2012 నాటి పోక్సో చట్టము ప్రకారము ఇట్టి నేరము నెరిగినవారెల్లరు పోలీసులకు తెలిపి తీరవలయును. పెద్దమనుషుల రాజీకి ఇందు తావు లేదు. బిడ్డ వాంగ్మూలమును ఇంటివద్దగాని, బిడ్డ కోరిన చోటగాని, తల్లిదండ్రులో నమ్మినవారో దగ్గరుండగా, యూనిఫారము ధరింపని అధికారి వ్రాసికొనవలయును. రాత్రి ఠాణాలో ఉంచరాదు. పేరు పత్రికల కెక్కరాదు. బిడ్డ కర్థము కాని భాషలో వ్రాయునెడల దుబాసీని ఏర్పరుపవలయును. కావున తమిళము చక్కగ రాని పసివారు జంకనక్కరలేదు, తెలుగులోనే చెప్పుకొనవచ్చును.

బిడ్డ నోరు విప్పినప్పుడు "అక్కడి కెందుకు పోతివి?" అని గద్దింపకుడు. "చెప్పి మంచిపని చేసితివి, తప్పు నీది కాదు" అని దగ్గరకు తీయుడు. పిమ్మట 1098కి ఫోను చేయుడు. దుకాణములు మూసియైనను మీకు తోడు వచ్చుటకు మేము సిద్ధముగ నున్నాము.