నకలు కారు: వెనుక చక్రముల గంతు

నిలిచియున్న కారును వడిగా కదలింపవలెనని డ్రైవరు ఏక్సిలరేటరును గట్టిగా త్రొక్కినపుడు, కొన్ని కార్లు ముందునకు దూకుటకు మారుగా నున్నచోటనే వెనుకభాగమంతయు దడదడలాడుచు, చక్రములు నేలను తాకుచు విడుచుచు గంతులు వేయును. లోపల కూర్చున్నవారికి ఎవరో అడుగుపలకను సుత్తితో మోదుచున్నట్లుండును. మెకానిక్కులు దీనిని వీల్ హాప్ అందురు. మనము చక్రపు గంతు అనుకొందము. చూచువారికిది వినోదముగా నుండవచ్చును గాని, కారునకు వినోదము కాదు. దీనిని సాగనిచ్చినచో ఇరుసులోని షాఫ్టు విరుగవచ్చును. ఇరుసును పట్టియుంచు ఇనుపచెవులు పగులవచ్చును. మలుపులో సంభవించినచో చక్రము నేలను విడిచిన ఆ రెప్పపాటులోనే కారు త్రోవ తప్పవచ్చును.

ఈ వ్యాధి నకలు స్పోర్ట్సు కార్లలో తరచుగా కనబడుటకు కారణము కలదు. 1962లో కారల్ షెల్బీ యను అమెరికా దేశపు పందెగాడు, ఇంగ్లండులోని ఏ.సి. కంపెనీవారి తేలికకారులో ఫోర్డువారి ఎనిమిది సిలిండర్ల ఇంజను నమర్చి 'కోబ్రా' అను కారును రూపొందించెను. అసలు కోబ్రాలు తయారైనవి సుమారు వేయి మాత్రమే. నేడు వాని వెల సామాన్యునికి అందునది కాదు. అందుచేత ఆ యాకృతిని ఫైబరుగ్లాసుతో పోతపోసి, ఇనుపగొట్టముల చాసిస్‌పై నమర్చి, స్వయముగా కట్టుకొనువారు అమెరికాలోను ఇంగ్లండులోను వేలకొలదిగా నున్నారు. అసలు కోబ్రాలో వెనుక చక్రములు రెండును దేనికది స్వతంత్రముగా నూగునవి. అమెరికాలోని నకళ్ళలో చాలవానికి 1979 మొదలు 1993 వరకు వచ్చిన ఫోర్డు మస్టాంగు కారునుండి ఊడదీసిన ఇరుసును బిగింతురు. ఇది ఒక చక్రమునుండి మరియొక చక్రమువరకు ఒకేకడ్డీవలె నుండు బండయిరుసు. పైన కోబ్రా, క్రింద మస్టాంగు. పోలిక కంటికే గాని నేలకు లేదు.

2023 వేసవిలో మిషిగన్ రాష్ట్రమందు మేము పరీక్షించిన కారు ఇట్టిదే. దాని యజమాని ఉద్యోగవిరమణ చేసిన ఉపాధ్యాయుడు. ఆరు చలికాలములు తన యింటి గ్యారేజిలో ఒంటరిగా శ్రమించి దానిని కట్టినాడు. మొదటిమారు రోడ్డుపై గట్టిగా కదలించిననాడే గంతు మొదలైనది. ఒక మెకానిక్కు చెప్పగా గట్టి స్ప్రింగులు, గట్టి షాకబ్జార్బర్లు కొని వేసినాడు. గంతు హెచ్చినదే గాని తగ్గలేదు. ఆయన భార్య ఒకమారు ప్రక్కన కూర్చుండి, మరల అందులో కాలు పెట్టనన్నది. చాసిసే వంకరగా అతికితినేమో యని బెంగపడి, విడిభాగముల వెలకైనను అమ్మివేయుటకు ఆయన సిద్ధపడియుండగా మాకు కబురు వచ్చినది.

ముందుగా గంతు ఎట్లు పుట్టునో చూతము. ఆ యింజను తన షాఫ్టుపై చూపు త్రిప్పుడుబలము ఎక్కువలో ఎక్కువ సుమారు 407 న్యూటను మీటర్లు. మొదటి గేరు దానిని 3.35 రెట్లు, ఇరుసులోని పళ్ళచక్రములు 3.08 రెట్లు పెంచును. అనగా రాపిడినష్టమును విడిచినచో చక్రములకు చేరునది రమారమి 4,200 న్యూటను మీటర్లు. ఒక మీటరు పొడవుగల గడకొసను 425 కిలోల బరువు వ్రేలాడదీసిన ఎంతటి త్రిప్పుడు కలుగునో అంత. చక్రములను ముందునకు త్రిప్పు ఈ బలమునకు సమానమైన ఎదురుబలము, ఇరుసును కప్పియుండు హౌసింగును వెనుకకు త్రిప్పజూచును. హౌసింగు ముక్కు పైకి లేవజూచును. దానిని లేవనీయక పట్టియుంచునవి చాసిస్‌నుండి వచ్చు నాలుగు చేతులు, వాని కొసలందలి రబ్బరుబుష్‌లు. మన అంబాసిడరు కారులో ఈ పనిని కమానుపట్టీలే చేసెడివి.

రబ్బరు అణగును, మెలిపడును. టైరు నేలను పట్టియున్నంతసేపు హౌసింగు మెల్లగా పైకి తిరుగుచు రబ్బరులో బలమును దాచుకొనును. కాని అంత తేలికకారు టైర్లు 4,200 న్యూటను మీటర్లను భరింపజాలవు. పట్టు తప్పి జారును. జారినతోడనే భారము తొలగి, దాచిన బలమంతయు ఒక్కదెబ్బన విడిపడి, హౌసింగు వెనుకకు తన్నును, చక్రము ఎగురును. పడినతోడనే టైరు మరల నేలను పట్టుకొనును. కథ మొదటికి వచ్చును. మన రేడియోలో వినబడు ఫిడేలును తలచుకొనుడు. కమాను తీగను పట్టి లాగును, తీగ జారి వెనుకకు పోవును, మరల పట్టుబడును. ఆ పట్టుట జారుటలే నాదమగుచున్నవి. ఫిడేలులో సుఖమైనది కారు క్రింద దుఃఖమగుచున్నది.

మేము కారు క్రిందికి పోవుటకు ముందు యజమానిని కొన్ని ప్రశ్నలడిగితిమి. బ్రేకు వేసినపుడు కూడ గంతు కలదా? లేదనినాడు. కనుక ఇంజను బలము వచ్చునపుడే పుట్టుచున్నదని తేలినది. రెండు చక్రములు కలిసి లేచుచున్నవా, ఒకటి లేవగా మరియొకటి పడుచున్నదా? ఆయన చెప్పలేకపోయినాడు. లోపల కూర్చున్నవా రెవ్వరును చెప్పలేరు.

అందుచేత అనుమతి పొంది, మూతపడిన యొక కర్మాగారపు ఆవరణలో, జనసంచారము లేనిచోట కారును నడపించి, క్రింద బిగించిన చిన్న కెమెరాతో చిత్రము తీసితిమి. సెకనుకు 240 బొమ్మలు తీయు కెమెరాలు నేడు జేబులోని ఫోనులందే యున్నవి. హౌసింగు ముక్కుపై ఒక తెల్లరంగు గీతను, చాసిస్‌పై దానికెదురుగా మరియొక గీతను గీసియుంచితిమి. చిత్రమును మెల్లగా త్రిప్పిచూడగా రెండు చక్రములును కలిసియే లేచుచున్నవి. తెల్లగీత అంగుళమునకు పైగా పైకి పోయి క్రిందికి తన్నుచున్నది. ఒక గంతునకు ఇంచుమించు ఇరువది బొమ్మలు, అనగా సెకనుకు పండ్రెండు గంతులు. ఈ సంఖ్య చూచినంతనే స్ప్రింగులపై మా అనుమానము తీరినది. స్ప్రింగులపై కారు శరీరము ఊగునది సెకనుకు ఒకటి రెండుమారులే. పండ్రెండుమారులు ఊగునది టైర్లకును బుష్‌లకును నడుమ చిక్కిన ఇరుసు. స్ప్రింగులను గట్టిచేసినను ఆ ఊపు మానదు. పైగా గట్టి స్ప్రింగు టైరును ఎగుడుదిగుడు నేలపై నిలకడగా కూర్చుండనీయదు. నిలువుగా నున్న షాకబ్జార్బరు ఇరుసు పైకి క్రిందికి పోవుటను ఆపగలదు గాని, తనచుట్టు తాను తిరుగుటను అంతగా ఆపజాలదు. ఉపాధ్యాయుని డబ్బు వృథాయైనది అందువలననే.

పిదప కారును జాకీతో లేపి, స్టాండులపై నిలిపితిమి. జాకీ యొక్కదానినే నమ్మి కారు క్రింద దూరరాదు. గడ్డపారతో ఒక్కొక్క బుష్‌ను కదలించి చూచితిమి. హౌసింగు చెవులందలి పైబుష్‌లు చిట్లియున్నవి. క్రిందిచేతుల ముందుబుష్‌లు చిరిగియున్నవి. కారు కొత్తది, బుష్‌లు కొత్తవి. అంతలోనే ఎట్లు చిరిగినవి? యజమాని కారు కట్టునపుడు చాసిస్‌ను ఎత్తులో నిలిపి, చక్రములు వ్రేలాడుచుండగానే బోల్టులు పూర్తిగా బిగించినాడట. ఇట్టి బుష్‌లలో రబ్బరు లోపలిగొట్టమునకు అంటుకొనియుండును. బోల్టు బిగించినతోడనే ఆ గొట్టము ఉన్నచోట నాటుకొనును. తరువాత కారును నేలపై దింపగా చేతులు పైకి తిరుగును, రబ్బరు మెలిపడి ఎల్లకాలము ఆ మెలిలోనే యుండును. కారు బరువు చక్రములపై నున్నపుడే ఈ బోల్టులు కడపటి బిగింపు బిగింపవలయును. పుస్తకములలో ఒక్కపంక్తిలో వ్రాసియుండు మాట ఇది. చేతిలో స్పానరు ఉన్నపుడు ఎవ్వరికిని జ్ఞాపకముండదు. మాకును ఒకప్పుడు ఉండలేదు.

మరి రెండు విషయములు బయటపడినవి. పాతమస్టాంగులో హౌసింగునకును చాసిస్‌నకును నడుమ ముందువెనుకలుగా పడుకొనియుండు రెండు షాకబ్జార్బర్లు కలవు. ఈ గంతును అణచుటకే ఫోర్డువారు 1980-90 దశకపు నడుమ వానిని చేర్చిరి. ఇవి ఎందుకో తెలియక యజమాని తీసి అటకపై పెట్టినాడు. రెండవది, కారు నేలకు దగ్గరగా నుండిన అందమని వెనుకభాగమును 35 మిల్లీమీటర్లు దించినాడు. అందువలన క్రిందిచేతుల ముందుకొస వెనుకకొసకంటె 20 మిల్లీమీటర్లు పల్లమైనది.

ఈ పల్లమే అన్నిటికంటె సూక్ష్మమైన దోషము. రోడ్డు రోలరును నెట్టువాడు చేయి పైనుండి క్రిందికి వాల్చి నెట్టినచో రోలరు నేలను మరింత అదుమును. లాగువాడు పైకి ఎత్తిపట్టి లాగినచో రోలరు తేలికపడును. అట్లే ఇరుసు ఈ చేతుల ద్వారా కారును ముందునకు నెట్టును. చేతి ముందుకొస ఎత్తుగా నున్నచో ఎదురుబలము ఇరుసును నేలకు అదుమును. పల్లముగా నున్నచో ఇరుసును నేలనుండి లేపును. పట్టు కావలసిన సమయముననే టైరుపై బరువు తగ్గును. జారుటకు ఇంతకంటె వేరు కారణమేల?

చికిత్సను ఒకేమారు చేయలేదు. ఒక్కొక్కటి చేసి, మరల అదే ఆవరణలో, అదే గేరులో నడపి చిత్రము తీసితిమి. అన్నియు ఒకేసారి మార్చినచో ఏది మేలు చేసినదో తెలియదు. మొదట గట్టి స్ప్రింగులను, గట్టి షాకబ్జార్బర్లను తీసి పాతవానిని వేసి, టైర్లలో గాలి సరిచేసితిమి. కుడియెడమలకు ఐదు పౌనుల తేడా ఉండినది. గంతు కొంత తగ్గినది. తరువాత బుష్‌లు. క్రిందిచేతులకు గట్టి ప్లాస్టిక్కుజాతి బుష్‌లు, పైచేతులకు మాత్రము మరల రబ్బరువే వేసితిమి. యజమాని అన్నింటికిని గట్టివే వేయుమనినాడు. ఆయన కోరిక సహజమే గాని, పైచేతులు ఏటవాలుగా నుండుటచే కారు మలుపులో ఒరిగినపుడు అవి మెలితిరుగక తప్పదు. అక్కడ రబ్బరు లేనిచో ఇరుసు బిగుసుకొని, వెనుకచక్రములు హఠాత్తుగా ప్రక్కకు జారును. గంతు పోయి అంతకంటె గొప్ప అపాయము వచ్చును. బోల్టులు ఈమారు కారు చక్రములపై నిలిచియుండగా బిగించితిమి. గంతు సగమునకు సగము పోయినది.

మూడవది, కారు వెనుకభాగమును 15 మిల్లీమీటర్లు లేపి, క్రిందిచేతుల వెనుకకొసలు పట్టు బ్రాకెట్టులను మార్చి, 40 మిల్లీమీటర్ల క్రిందుగా కొత్తరంధ్రములలో బిగించితిమి. దీనితో ముందుకొస 35 మిల్లీమీటర్లు ఎత్తైనది. బాగుగానున్న నేలపై గంతు కనబడలేదు. పగిలిన కాంక్రీటుపై మాత్రము రెండు మూడు దడదడలు మిగిలినవి. కడపట అటకమీది రెండు షాకబ్జార్బర్లను దింపి తుడిచి బిగింపగా అవియును పోయినవి. వానినే మొదట బిగించియుండినచో గంతు అణగియుండెడిదేమో గాని, చిరిగిన బుష్‌లు, వాలినచేతులు క్రింద దాగియే యుండెడివి.

ఈ పనికి కావలసిన వస్తువుల వెల ఆయన ముందు కొన్న స్ప్రింగుల వెలలో నాలుగవవంతు మించలేదు. చాసిస్ వంకర కాదు. కొలిచి చూపగా ఆయన కొంతసేపు మాటాడలేదు. చిత్రములో తెల్లగీత ఇప్పుడు కొద్దిగా లేచి నిలుచుచున్నది, తన్నుట లేదు. ఎక్కువ త్రొక్కినచో టైర్లు జారుచున్నవి. అంతటి ఇంజనునకు అది తప్పదు. కాని జారుట నున్నగా జారుచున్నవి. ఐదువందల మైళ్ళు నడచిన పిమ్మట బోల్టులన్నియు మరల బిగించి చూడవలయునని చెప్పి వచ్చితిమి. ఆయన భార్య కాఫీ తెచ్చి యిచ్చి, ఆ ఐదువందల మైళ్ళు పూర్తియైనపిదప తాను కూర్చుండు సంగతి ఆలోచింతుననినది.