మడమ నొప్పే కదా అనుకున్నాను
(సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

నేను డాక్టరును కాను. 34 ఏళ్ళు లెడ్జర్లు రాసినవాణ్ణి. నా కుడి మడమ నాకు నేర్పిన పాఠం మాత్రమే మీ ముందుంచుతాను.

2021లో నొప్పి మొదలైంది. ఈ వయసులో మామూలేనన్నారు. మెత్తటి చెప్పులు కొన్నాను, కాపడం పెట్టాను. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు. ఒకచోట స్టెరాయిడ్ ఇంజక్షన్ ఇచ్చారు. పది రోజులు హాయి. తర్వాత వాపు రెట్టింపైంది. రాత్రిళ్ళు పోటు, సాయంత్రాలు ఒళ్ళు వెచ్చబడటం. 8 నెలలకు ఎమ్మారై చూసిన ఎముకల డాక్టరుగారు "ఇది క్షయ కావచ్చు" అన్నారు. దగ్గు లేదు, ఛాతీ ఎక్స్‌రే బాగుంది. నమ్మలేకపోయాను.

ఆయన వివరించారు. క్షయ క్రిములు రక్తం ద్వారా ఏ ఎముకకైనా చేరగలవు. ఎముకల క్షయలో దాదాపు సగం వెన్నుపూసలదే. తరువాత తుంటి, మోకాలు. మడమ, మణికట్టు, పక్కటెముకలలో అరుదు కనుకనే ఎవరికీ తట్టదు. పైగా ఎముకలో సున్నం దాదాపు మూడోవంతు తగ్గితే గాని మామూలు ఎక్స్‌రేలో తేడా కనపడదట.

నిర్ధారణకు ముక్క తీయాలి. మొదటిసారి తీసినదంతా ఫార్మలిన్‌లో వేశారు. అందులో క్రిమి చచ్చిపోతుంది, కల్చర్‌కు పనికిరాదు. అనుమానం బలపడింది గాని, ఏ మందులకు లొంగుతుందో తేలలేదు. రెండోసారి తీసి సెలైన్‌లో పంపితే సీబీనాట్ పరీక్షలో క్రిమి దొరికింది. రిఫాంపిసిన్‌కు లొంగేదేనని తెలిసింది. కనుక "కొంత సెలైన్‌లో పంపుతున్నారా?" అని ముందే అడగండి.

మొదటి 2 నెలలు నాలుగు మందులు, తరువాత 10 నెలలు మూడు. ప్రభుత్వ క్షయ కేంద్రంలో ఉచితం. మూత్రం నారింజ రంగైతే భయపడకండి. చూపు మసకబారినా, కళ్ళు పచ్చబడినా వెంటనే చెప్పండి. రిఫాంపిసిన్ కొన్ని షుగరు మాత్రల పనిని తగ్గిస్తుంది. వాడే మందులన్నీ చూపించండి.

ఊపిరితిత్తుల్లో లేనందున ఇంట్లోవారికి అంటదని డాక్టరుగారు చెప్పినా, నేను గ్లాసు వేరు పెట్టుకున్నాను, మనవరాలిని దగ్గరకు రానివ్వలేదు. నాలుగో నెలకు నొప్పి పోగానే మందులు మానేస్తానన్నాను. అప్పుడు మా ఆవిడ ఒక్కటే అడిగింది: "పిల్లను ఎత్తుకోవడానికి భయపడ్డారే, మందు మానడానికి భయం లేదా?"

పన్నెండు నెలలూ మింగాను. ఈరోజు ఈ వేదిక మెట్లు కర్ర లేకుండా ఎక్కాను. నెలల తరబడి ఒకేచోట నొప్పి, వాపు ఉంటే, దాన్ని వయసు మీదకు నెట్టేయకండి. సెలవు.